విమానం ఎక్కకముందే కరిగిపోయే డబ్బు
తొలిసారి విదేశం వెళ్ళేవారు గమనించదగిన విషయాలు

చుండూరు: ఒకప్పుడు పశ్చిమ డెల్టా పల్లెల్లో విదేశం వెళ్ళివచ్చిన మనిషిని చూడటానికి ఊరంతా వచ్చేది. నేడు చుండూరు, మోదుకూరు, యడ్లపల్లి, వలివేరు వంటి గ్రామాల్లో కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారంటే ఎవరూ వింతగా చూడటం లేదు. పిల్లలు వెళ్ళి స్థిరపడ్డారు. ఇప్పుడు వంతు పెద్దలది. కూతురి పురుడుకో, కొడుకు గృహప్రవేశానికో, మనవరాలిని కళ్ళారా చూసుకోవటానికో అరవై ఏళ్ళు పైబడిన రైతు దంపతులు జీవితంలో మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. బతుకుతెరువు కోసం గల్ఫు దేశాల దారి పట్టేవారు మరికొందరు.

టిక్కెట్టు పిల్లలే కొంటున్నారు గనుక మనకు ఖర్చేముంది అనుకోవటం సహజం. కాని టిక్కెట్టు ధర అందరికీ కనబడే ఖర్చు. కనబడని ఖర్చు ఇంటి గడప దగ్గర మొదలై విమానాశ్రయం దాకా సాగుతుంది. దళారీకి కొంత, తొందరపాటుకు కొంత, గొప్పకు కొంత, తెలియనితనానికి కొంత పోతుంది. ఈ నాలుగు దారుల్లో పోయే డబ్బును నిలుపుకోవచ్చు. అయితే చేయక తప్పని ఖర్చు కూడా ఒకటున్నది. అది ఆరోగ్య భీమా. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలిస్తే ప్రయాణం భారం కాదు.

పాస్‌పోర్టుకు దళారీ ఎందుకు?

2025 నాటి లెక్కల ప్రకారం 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు ప్రభుత్వ రుసుము 1,500 రూపాయలు. పెద్దవారికి ఇది పదేళ్ళు చెల్లుతుంది. అరవై ఏళ్ళు దాటినవారు కొత్తగా తీసుకుంటే పది శాతం తగ్గింపు ఉన్నది. అంటే 1,350 రూపాయలు కడితే చాలు. 'తత్కాల్' పద్ధతిలో కావాలంటే అదనంగా 2,000 కట్టాలి. కోడలికి ఏ నెలలో పురుడో ఆరు నెలల ముందే తెలిసిన ఇంట్లో తత్కాల్ కింద భార్యాభర్తలు కట్టే 4,000 రూపాయలు కేవలం బద్ధకానికి కట్టే పన్ను.

అర్జీని పాస్‌పోర్టు సేవ వారి వెబ్‌సైటులో నింపాలి. ఇంట్లో కాలేజీ చదువుతున్న పిల్లలుంటే గంటలో పూర్తిచేస్తారు. ప్రభుత్వ వెబ్‌సైటు పేరు చివర 'గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది. అలా లేని చోట డబ్బు కట్టరాదు. కేటాయించిన రోజున విజయవాడ కేంద్రానికి అసలు కాగితాలతో స్వయంగా వెళ్ళాలి. వేలిముద్రలు, ఫొటో అక్కడే తీసుకుంటారు. దళారీకి వేలు పోసినా ఈ పని మాత్రం అర్జీదారుడే చేయాలి. పోలీసు విచారణకు వేరే రుసుము ఏమీ లేదు.

ఎక్కువమంది నష్టపోయేది పేరు దగ్గర. ఆధార్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పూర్తిగా ఉంటుంది, పొలం పాసుపుస్తకంలో మరో విధంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. రెండూ కలిపి ఒకే గడిలో వేస్తే, అమెరికా వీసాలో పేరు ఉండవలసిన చోట 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడు అక్షరాలు పడతాయి. టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. తర్వాత దిద్దించుకోవాలంటే ప్రతిచోటా రుసుమే. కనుక అర్జీ పెట్టకముందే అన్ని కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవటం మేలు.

పదో తరగతి పాసు కాలేదు గనుక అమెరికా వెళ్ళనివ్వరని భయపెట్టి డబ్బు గుంజేవారి మాట నమ్మనక్కరలేదు. ఉద్యోగానికి వెళ్ళేవారికి అనుమతి ముద్ర కావాలనే నిబంధన గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు సంబంధించినది. ఆ జాబితాలో అమెరికా లేదు. పైగా యాభై ఏళ్ళు దాటినవారికి ఆ నిబంధన వర్తించదు.

వీసా: తెలుగులోనే చెప్పుకోవచ్చు

అమెరికా సందర్శకుల వీసాకు 2023 జూన్ నుంచి రుసుము ఒక్కొక్కరికి 185 డాలర్లు. డాలరు విలువ 2025 చివర్లో 90 రూపాయల దాకా వచ్చింది గనుక ఇది పదహారు వేల రూపాయలు దాటుతుంది. దంపతులకు ముప్పైరెండు వేల పైమాటే. వీసా నిరాకరించినా ఈ సొమ్ము తిరిగి రాదు. కాబట్టి మొదటిసారే సరిగా అర్జీ పెట్టటం అన్నిటికంటే పెద్ద పొదుపు.

డి.ఎస్.-160 అనే ఆ అర్జీని నింపటానికి వేరే రుసుము లేదు. అమెరికాలోని పిల్లలే అక్కడినుంచి నింపవచ్చు. అయితే అందులో ఏమి రాశారో తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. అధికారి అడిగినప్పుడు అర్జీలో ఒకటి, నోటిమాట మరొకటి అయితే మొదటికే మోసం. హైదరాబాదు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ఎన్ని ఎకరాల పొలమున్నది, పిల్లవాడు ఏం చేస్తున్నాడు, ఎన్నాళ్ళుంటారు, ఎప్పుడు తిరిగివస్తారు వంటి ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్లు చెప్పటమే. దీనికి వేల రూపాయల శిక్షణ అవసరం లేదు. లేని డిపాజిట్లు, దొంగ కాగితాలు చూపిస్తే రుసుముతో పాటు భవిష్యత్తులో వెళ్ళే అవకాశం కూడా పోతుంది.

వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరొక రోజు హైదరాబాదు వెళ్ళవలసి ఉంటుంది. వీలైతే వరుసగా రెండు రోజులు దొరికేలా చూసుకుంటే ఒక రాకపోకల ఖర్చు తప్పుతుంది. వీసా చేతికి రాకముందే టిక్కెట్టు కొనరాదు.

వీసా పదేళ్ళకు ఇచ్చినా, వెళ్ళిన ప్రతిసారి ఎన్నాళ్ళుండవచ్చో అక్కడ దిగిన విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఐ-94 అనే పత్రంలో ఆ గడువు తేదీ ఉంటుంది. గడువు దాటి 180 రోజులకు మించి ఉండిపోయి బయటికి వస్తే మూడేళ్ళపాటు, ఏడాది మించితే పదేళ్ళపాటు తిరిగి అడుగుపెట్టనివ్వరు. ఊరికే కూర్చున్నాం కదా అని ఎవరింట్లోనో వంటకో, పిల్లల సంరక్షణకో డబ్బు తీసుకుని పనిచేయటం ఈ వీసా మీద నేరం.

టిక్కెట్టులో చూడవలసినవి

అమెరికా బడులకు సెలవులుండే జూన్ నుంచి ఆగస్టు వరకు, మళ్ళీ డిసెంబరులో టిక్కెట్ల ధరలు పెరుగుతాయి. డెల్టా రైతుకు సార్వా కోతలు ముగిసి, మినుము ఇంటికి చేరేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. పొలంపని లేని ఆ రోజుల్లో బయలుదేరితే ధర అదుపులో ఉండే అవకాశం ఎక్కువ. రెండు మూడు నెలల ముందు కొనటం మంచిది. రాకపోకలకు కలిపి కొంటే వేరువేరుగా కొన్నదానికంటే సాధారణంగా తక్కువ పడుతుంది.

అయిదారు వేలు తగ్గుతాయని రెండు సంస్థల టిక్కెట్లు విడివిడిగా కొనటం తొలి ప్రయాణికులకు ప్రమాదం. మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం ప్రయాణికుడిదే. కొన్ని దేశాల్లో అందుకు మరో వీసా కూడా కావచ్చు. చివరి ఊరి దాకా ఒకే టిక్కెట్టు ఉంటే సామాను బాధ్యత, తప్పిన విమానం బాధ్యత సంస్థ మీద ఉంటుంది. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకుంటే ఎంత కట్టాలో కొనేముందే అడగాలి. పురుడు పని ముందుకూ వెనక్కూ జరగటం మామూలే.

నడవటం కష్టమైన పెద్దలకు చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొనేటప్పుడే రాయించాలి. అమెరికా వెళ్ళే విమానాల్లో ఆ అవసరమున్నవారి నుంచి దీనికి డబ్బు వసూలు చేయరాదు. భాష రానివారికి విమానం మారే చోట దారి చూపే మనిషి కూడా దొరికినట్లవుతుంది.

సాగనంపటానికి ఎన్ని కార్లు?

చుండూరు నుంచి శంషాబాదు విమానాశ్రయం మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇద్దరు ప్రయాణికుల కోసం రెండు కార్ల నిండా బంధువులు బయలుదేరటం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. బాడుగ, టోల్‌గేట్లు, దారిలో భోజనాలు, తిరుగు ప్రయాణం కలిపితే అది చిన్న శుభకార్యం ఖర్చు. తీరా అక్కడికి వెళ్ళాక టిక్కెట్టున్న వారినే లోపలికి పంపుతారు. మిగిలినవారు తలుపు బయట చేయి ఊపి రావలసిందే.

తెనాలి జంక్షన్‌లో సికింద్రాబాదు రైలెక్కి, అక్కడినుంచి విమానాశ్రయానికి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సు పట్టుకుంటే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. పెద్ద పెట్టెలున్నాయనుకుంటే ఒక కారు, తోడుగా ఒక మనిషి చాలు. వీడ్కోలు ఇంటి దగ్గర చెప్పుకున్నా ఆప్యాయత తగ్గదు.

పెట్టెలో ఏమి పెట్టాలి, ఏమి పెట్టరాదు

ఎన్ని పెట్టెలు, ఒక్కొక్కటి ఎన్ని కిలోలు అన్నది టిక్కెట్టు మీదే ఉంటుంది. అమెరికా ప్రయాణానికి చాలా సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తున్నాయి. చేతిసంచి ఏడెనిమిది కిలోలకు మించరాదు. బరువును ఇంటి దగ్గర కాటా మీద తూచుకోవాలి. విమానాశ్రయంలో ఎక్కువ తేలితే కట్టే సొమ్ముతో ఆ పచ్చళ్ళు నాలుగుసార్లు కొనుక్కోవచ్చు.

ఆవకాయ, గోంగూర పచ్చడి వంటివి చేతిసంచిలో పెట్టరాదు. ద్రవాలు, ముద్దగా ఉండేవి వంద మిల్లీలీటర్లకు మించి విమానంలోకి రానివ్వరు. ఊటకారకుండా గట్టిగా కట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. కోడి, వేట మాంసం పచ్చళ్ళు, మామిడిపండ్లు, విత్తనాలు అమెరికాకు తీసుకెళ్ళరాదు. పచ్చి కరివేపాకు కూడా నిషిద్ధమే. నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు ఆ ఆకుతో వస్తుందని వారి భయం. ఏ తినుబండారాలున్నా అడిగినప్పుడు ఉన్నాయని చెప్పాలి. చెబితే తీసుకుని పారేస్తారు, అంతే. దాచి దొరికితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

గల్ఫు వెళ్ళేవారు గసగసాల జోలికి పోరాదు. మన వంటింట్లో మసాలా అయిన ఆ దినుసు దుబాయిలోనూ, సౌదీలోనూ మాదకద్రవ్యంతో సమానం. జైలు పాలు కావచ్చు. పక్కింటివారు తమ అబ్బాయికి ఇమ్మని ఇచ్చే మూట విప్పి చూడకుండా తీసుకోరాదు.

నగలు ఎంత తక్కువైతే అంత మంచిది. తప్పనిసరిగా తీసుకెళ్ళేవారు బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారులకు చూపి ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఉంటే తిరిగివచ్చేటప్పుడు ఆ బంగారం అక్కడ కొన్నది కాదని రుజువు చేయవచ్చు.

భీమాలో పిసినారితనం వద్దు

ఇంతవరకు చెప్పినవన్నీ మిగుల్చుకునే దారులు. ఇక్కడ మాత్రం చేయి వెనక్కి తీయరాదు. మన ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు అమెరికాలో పనికిరాదు. అక్కడి ప్రభుత్వం తమ వృద్ధులకిచ్చే వైద్య సదుపాయం చుట్టపుచూపుగా వచ్చినవారికి వర్తించదు. గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరితే బిల్లు వేల డాలర్లతో మొదలై లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. ఇక్కడ ఎకరం పొలం అమ్మినా తీరని అప్పు అక్కడ ఒక్క రాత్రిలో కొడుకు నెత్తిన పడవచ్చు. కొద్ది వేల రూపాయలు మిగులుతాయని భీమా మానుకోవటం, గింజలు మిగుల్చుకోబోయి గాదెకు నిప్పు పెట్టుకోవటమే.

భీమా తీసుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. మొత్తం ఎంతవరకు చెల్లిస్తారు? మొదట మన చేతినుంచి ఎంత పెట్టుకోవాలి? రోజుకు ఇంతేననే పరిమితి ఉన్నదా? బి.పి., షుగరు వంటి పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే చెల్లిస్తారా? చవక పాలసీల్లో చాలావరకు ఈ చివరి ప్రశ్నకు జవాబు 'లేదు' అని ఉంటుంది. ఉన్న జబ్బు దాచి తీసుకున్న పాలసీ అవసరానికి ఆదుకోదు.

రోజూ వాడే మందులు మూడు నెలలకు సరిపడా ఇక్కడే కొని, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవాలి. అంతకుమించి తీసుకెళితే అభ్యంతరం రావచ్చు. గల్ఫు దేశాల్లో మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని నొప్పి మాత్రలకు, దగ్గు మందులకు కూడా ముందస్తు అనుమతి కావాలి. పంటినొప్పి, కళ్ళజోడు వంటివి సాధారణ భీమాలోకి రావు. కనుక కదిలే పన్ను, మసకబారిన అద్దం సంగతి తెనాలిలోనో గుంటూరులోనో ముందే తేల్చుకోవాలి. అదనంగా ఒక జత కళ్ళద్దాలు ఉండటం మంచిది.

డాలర్లు, ఫోను

దారిఖర్చుకు కొద్ది డాలర్లు చాలు. ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకు తీసుకెళ్ళేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నది. అవి బ్యాంకులోగాని, లైసెన్సు ఉన్న మారకం దుకాణంలోగాని రసీదుతో కొనాలి. విమానాశ్రయంలో మార్చుకుంటే సాధారణంగా ధర ఎక్కువ. విదేశంలో కార్డు గీసినప్పుడు యంత్రం 'రూపాయల్లోనా, డాలర్లలోనా' అని అడిగితే అక్కడి నాణెంలోనే అని నొక్కాలి. రూపాయల్లో అంటే మారకపు వడ్డన అదనంగా పడుతుంది.

ఇక్కడి ఫోను అక్కడ తెరిచి పెట్టుకుంటే మాట్లాడకపోయినా బిల్లు రావచ్చు. విమానం ఎక్కేటప్పుడే ఇంటర్నెట్ కట్టివేయాలి. అయితే సిమ్ కార్డు రద్దు కాకుండా చిన్న రీచార్జి చేయించుకోవాలి. బ్యాంకు పంపే సంకేత సంఖ్యలు ఆ నంబరుకే వస్తాయి. కొడుకు చిరునామా, ఫోను నంబరు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకుంటే, పైసా ఖర్చు లేని ధైర్యం.

కొలువు కోసం వెళ్ళేవారికి

గల్ఫుకు పనికి వెళ్ళేవారి నష్టం ఇంకా పెద్దది. వారు పోగొట్టుకునేది వడ్డీకి తెచ్చిన సొమ్ము. రిక్రూటింగ్ ఏజెంటు ఒక్కొక్కరి నుంచి తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలకు మించరాదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. దానిపై 18 శాతం పన్ను కలిపితే 35,400. అంతకుమించి అడిగినా, రసీదు ఇవ్వకపోయినా అనుమానించాలి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ కేంద్ర ప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూడవచ్చు.

'ఆజాద్ వీసా' అని, సందర్శక వీసా మీద వెళ్ళి అక్కడ పని చూసుకోవచ్చని చెప్పేవారి మాట వినరాదు. అలా వెళ్ళినవారికి జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు ఉండదు. కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి యువకులను కాంబోడియాకు చేర్చి, సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వెళ్ళినవారు ఏజెంట్లకు డబ్బు కట్టి మరీ ఆ ఉచ్చులో పడ్డారు.

అనుమతి ముద్రతో వెళ్ళే కార్మికులకు ప్రవాసీ భారతీయ భీమా యోజన ఉన్నది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా పది లక్షలు చెల్లిస్తారు. ఇంత చవకైన ధీమా మరొకటి లేదు. పనికి వెళ్ళేముందు సలహా కావలసినవారు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ప్రవాసాంధ్రుల సంఘాన్ని, అంటే ఏపీఎన్ఆర్‌టీని సంప్రదించవచ్చు.

ఇల్లు వదిలే ముందు

ఆరు నెలలు తాళం వేసే ఇంటి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొలం కౌలుకిస్తే కాగితం రాసుకోవాలి. బంగారం బ్యాంకు లాకరులో పెట్టాలి. ఊరు వెళుతున్న సంగతి పోలీసు స్టేషనులో చెప్పాలి. ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం సంగతి ముందే బ్యాంకులో మాట్లాడుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు, భీమా కాగితాల నకళ్ళు ఒక కట్ట ఇంటి దగ్గర నమ్మకమైన వారికి ఇచ్చి, మరో కట్ట వెంట ఉంచుకోవాలి. పాస్‌పోర్టు పోయినప్పుడు ఆ నకలే కొత్తది త్వరగా రావటానికి ఆధారం.

బయలుదేరటానికి ఆరు నెలల ముందు పాస్‌పోర్టు, వెంటనే వీసా అర్జీ, వీసా వచ్చాక టిక్కెట్టు, దానితోపాటే భీమా, ఆఖరి వారంలో పెట్టె. ఈ వరుస తప్పకుండా, ప్రతి రుసుమునూ అసలు కార్యాలయంలోనే కట్టి రసీదు దాచుకుంటే దళారీకి ఇంట్లో పనుండదు. అలా మిగిలిన సొమ్ముతో మంచి భీమా పాలసీ తీసుకుని, ఇంకా మిగిలితే మనవరాలి చేతిలో పెట్టవచ్చు.